సమాధిరాతి మీద ఉలి

స్కాట్లండ్ పాత చర్చి ఆవరణల్లో 18వ శతాబ్దపు సమాధిరాళ్లు చదువు రానివాళ్లతో కూడా మాట్లాడతాయి. కిరీటం కింద సుత్తి ఉంటే కమ్మరి, నాడె ఉంటే నేతగాడు, కత్తెర ఉంటే దర్జీ. పుర్రె, ఎముకలు చావుకు గుర్తు. రెక్కలున్న తల ఎగిరిపోయిన ఆత్మ. ఇంత ముచ్చటగా చెక్కినవాళ్లలో చాలామంది పేర్లు మనకు మిగల్లేదు.

మిగిలిన పేర్లలో ఒకటి రాబర్ట్ ప్యాటర్సన్. నైరుతి స్కాట్లండ్‌లో రాతిగని నడిపిన మేస్త్రీ. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోక 17వ శతాబ్దంలో ప్రాణాలిచ్చిన కవెనెంటర్ల సమాధుల కోసం పొట్టిగుర్రంతో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగాడు. నాచు గీకి, అరిగిన అక్షరాలను మళ్లీ లోతుగా చెక్కాడు. ఆ ప్రాంతపు ఇసుకరాయి ఉలికి తేలిగ్గా లొంగుతుంది, వానకూ అంతే తేలిగ్గా పొరలై రాలుతుంది. దెబ్బ కాస్త బరువుగా పడితే అక్షరం అంచే ఊడిపోతుంది. పాత గాడి తప్పకుండా ఉలి నడపడంలోని ఆ నిగ్రహానికి నేను దణ్ణం పెడతాను. భార్యాపిల్లల్ని వదిలి తిరగడం మాత్రం నాకు మింగుడుపడదు.

డనొటర్ చర్చి ఆవరణలో అతన్ని చూసిన వాల్టర్ స్కాట్, 1816 నాటి నవలకు అతని మారుపేరే పెట్టాడు: 'ఓల్డ్ మోర్టాలిటీ'. ప్యాటర్సన్ 1801లో పోయాడు. కేర్‌లావరాక్‌లో అతని పేర రాయి నిలిచింది 1869లో, స్కాట్ ప్రచురణకర్తల చలవతో.

ఇప్పటి సంరక్షకులు పాతరాతికి ఉలి తగలనివ్వరు. ఏటవాలు వెలుతురు పడేలా చూసి, అక్షరాల నీడలను ఫోటో తీసి చదువుతారు.