ముల్లు ఎటు తప్పిందో చూడండి

మోటారు బోటులో పెట్రోలు గేజ్ తప్పు చూపిస్తే చాలామంది ముందు గేజ్ మార్చేస్తారు. కంటికి కనబడేది అదొక్కటే కాబట్టి నేరం దాని మీద పడుతుంది. నిజానికి డ్యాష్‌బోర్డు మీది ముల్లుకు ట్యాంకులో పెట్రోలు ఎంతుందో తెలియదు. ట్యాంకు మూతకు బిగించిన సెండర్ నుంచి వచ్చే వైరులో నిరోధం ఎంతుందో మాత్రమే దానికి తెలుసు. పెట్రోలుతోపాటు ఫ్లోట్ లేస్తుంది, దిగుతుంది; ఆ కదలికతో సెండర్ నిరోధం మారుతుంది; ముల్లు దానికి తగ్గట్టు జరుగుతుంది. అమెరికా పద్ధతి సెండర్లలో ట్యాంకు ఖాళీగా ఉంటే సుమారు 240 ఓమ్‌లు, నిండుగా ఉంటే 33 ఓమ్‌లు. అంటే దారిలో ఎక్కడ ఏ స్క్రూ వదులైనా, ఏ కొస తుప్పు పట్టినా ముల్లు దాన్ని కూడా పెట్రోలు లెక్కలోనే కలిపేస్తుంది. అందుకే ముల్లు తప్పిందని తెలియడం ఒక్కటే చాలదు, ఎటు తప్పిందో, ఎప్పుడు తప్పిందో గమనించాలి. మరమ్మతుకు కావలసిన ఆచూకీ చాలావరకు అందులోనే దొరుకుతుంది.

ఒక్క పెట్రోలు గేజే కాక పక్కనున్న ఆయిల్ ప్రెషర్, వోల్టు మీటర్ల ముళ్ళు కూడా ఒకేసారి వణుకుతున్నాయనుకోండి. లైటు వేయగానే అన్నీ కలిసి ఒక పక్కకు జరిగితే ఆ గేజ్‌లన్నీ ఒక్కరోజే చెడిపోయాయని నమ్మడం కష్టం. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి తాళం నుంచి వచ్చే కరెంటు, వెనక్కి వెళ్ళే ఎర్త్ వైరు. ముందు అక్కడ చూడాలి. ఒక్క గేజే తప్పితే వెతుకులాట ఆ ఒక్క దారికే పరిమితం. ఆ దారిని సగానికి విరిచి చూడటం ఈ పనిలో అసలు మెళకువ. గేజ్ వెనక సెండర్ వైరును ఊడదీసి తాళం తిప్పితే అమెరికా పద్ధతి గేజ్‌లో ముల్లు ఖాళీ వైపుకు పడిపోవాలి. తాళం కట్టేసి, సెండర్ పిన్నునూ ఎర్త్ పిన్నునూ చిన్న వైరు ముక్కతో కలిపి, మళ్ళీ తాళం తిప్పితే నిండు వైపుకు ఎగరాలి. రెండూ జరిగితే గేజ్ నిర్దోషి, తప్పు ట్యాంకు వైపు ఉంది. ఇదే పరీక్షను ట్యాంకు దగ్గర చేస్తే మధ్యలోని వైరు సంగతి కూడా తేలిపోతుంది. పెట్రోలు ఆవిరి ఉండే చోటు కాబట్టి ముందు గాలి ఆడనివ్వాలి, వైరు ముక్కను తాళం కట్టేసి ఉన్నప్పుడే గట్టిగా బిగించాలి, తాళం తిప్పడం డ్యాష్‌బోర్డు దగ్గరే జరగాలి. ట్యాంకు దగ్గర చిన్న మెరుపు కూడా పుట్టకూడదు.

ఇలా చూసినప్పుడు తప్పు తరచుగా తేలే చోటు ఎర్త్. సెండర్ నుంచి నల్ల వైరు వెళ్ళి కలిసే కొస నీటికి, ఉప్పుగాలికి దగ్గరగా, కంటికి దూరంగా ఉంటుంది. కాకినాడలోనో భీమిలిలోనో తీరానికి దగ్గరగా కాపురమున్న వాళ్ళకు ఉప్పుగాలి ఏం చేయగలదో చెప్పనక్కర్లేదు. రాగి కొస మీద పచ్చటి చిలుము పేరుకుని అక్కడ ఓ 70 ఓమ్‌ల నిరోధం చేరిందనుకుందాం. ట్యాంకు నిండుగా ఉన్నా గేజ్‌కు చేరేది 33 కాదు, 103. అమెరికా గేజ్ భాషలో అది దాదాపు సగం ట్యాంకు. బంకులో గొంతు దాకా నింపి వచ్చినా ముల్లు సగం దాటకపోతే దానికి సమాధానం ఈ చిన్న కూడికలో ఉండొచ్చు. అది నిజమో కాదో తేల్చడానికి సెండర్ ఎర్త్ పిన్ను నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు ఒక పొడవాటి వైరు లాగి చూడటం చాలు. ఆ రెండు కొసలూ కూడా తాళం కట్టేసి ఉన్నప్పుడే బిగించాలి.

ఇంత తతంగం ఎందుకు, గేజ్ ఖరీదెంతని, గేజూ సెండరూ రెండూ మార్చేస్తే సగం రోజు కలిసివస్తుంది కదా అనే వాళ్ళున్నారు. ఖరీదు సంగతి ఒప్పుకుంటాను. కానీ కొత్త గేజ్‌ను పాత చిలుముకే బిగిస్తే పాత తప్పే కొత్త అద్దం వెనక నుంచి కనిపిస్తుంది. ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. యూరప్ పద్ధతిలో లెక్క తలకిందులు: ఖాళీకి సుమారు 10 ఓమ్‌లు, నిండుకు 180. చూడకుండా ఒక పద్ధతి సెండర్‌కు మరో పద్ధతి గేజ్ తగిలిస్తే నిండు ట్యాంకు దాదాపు ఖాళీగానూ ఖాళీ ట్యాంకు నిండుగానూ కనిపిస్తాయి. అందులో రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. ఏ భాగమూ చెడకుండానే, కేవలం మార్చడం వల్ల పుట్టే తప్పు ఇది. పైన చెప్పిన పరీక్షలో కూడా యూరప్ గేజ్‌కు ఫలితాలు తారుమారవుతాయి కాబట్టి మీది ఏ పద్ధతో ముందే తెలుసుకోవాలి.

అసలు గేజ్‌నే నమ్మొద్దు, పుల్ల దించి చూసుకోవడమే మేలు అనే పెద్దల మాటకు బలముంది. చేతిలో పట్టుకుని మోసుకెళ్ళే చిన్న ట్యాంకుకు అంతకంటే మంచి పరికరం లేదు. కానీ నేల చెక్కల కింద బిగించి, గొట్టం మలుపులు తిరిగిన ట్యాంకులో పుల్ల అడుగుకు చేరదు. చేరినా లెక్క మనమే వేసుకోవాలి, ఆ లెక్కా తప్పొచ్చు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధన గేజ్‌లు పనిచేయలేదు. సిబ్బంది చేత్తో కొలిచారు. కొలత సరిగ్గానే వచ్చింది. లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు కిలోలకు కావలసిన సుమారు 0.8కి బదులు పౌండ్లకు వాడే 1.77తో గుణించారు. విమానం 41,000 అడుగుల ఎత్తున ఉండగా ఇంధనం అయిపోయింది. గిమ్లీ అనే ఊళ్ళోని పాత వైమానిక స్థావరంలో ఇంజన్లు పనిచేయకుండానే దింపారు. ఉన్న 69 మందీ బతికారు. పుల్లకు ఉన్న గౌరవం దీనితో పోదు. అయితే కొలతా గేజూ ఒకదాన్నొకటి సరిచూసుకునేలా రెండూ ఉండటం మంచిది.

ఎంత బాగుచేసినా పెట్రోలు గేజ్ లీటర్లు చెప్పదన్నదీ నిజమే. చాలా బోట్ల ట్యాంకు అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. ముల్లు సగం దగ్గర ఉన్నా పెట్రోలు సగం కంటే తక్కువే. ముక్కు పైకెత్తి పరుగెత్తే బోటులో పెట్రోలు వెనక్కి చేరి మరో రకం తప్పు పుట్టిస్తుంది. దీన్ని మరమ్మతు చేయబోవడం వృథా. వెళ్ళడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, ఆపదకు మూడో వంతు అనే పాత లెక్క ఆ లోటుకు కూడా అక్కరకొస్తుంది.

ఇంజను వేడిని చూపే గేజ్ విషయంలో మాత్రం అనుమానాన్ని తిప్పి పెట్టాలి. అక్కడ ముల్లు తప్పని ముందే అనుకుంటే ఇంజను పోతుంది. దాని సెండర్‌లో వేడి పెరిగే కొద్దీ నిరోధం తగ్గుతుంది కాబట్టి ఒరిసిపోయిన వైరు ఇంజను ఇనుముకు తగిలితే ముల్లు ఒక్కసారిగా చివరికి దూకుతుంది. నిజమైన వేడి మెల్లగా ఎక్కుతుంది. తాళం తిప్పగానే చల్లటి ఇంజను మీదే ముల్లు ఎర్రగీత దాటితే వైరును వెతకొచ్చు. నడుస్తూ నడుస్తూ ఎక్కితే మాత్రం ఇంజను ఆపాల్సిందే. అవుట్‌బోర్డ్ అయితే పక్కనుంచి చిమ్మే నీటి ధార సన్నబడిందో లేదో ఆపే ముందు ఒకసారి చూసుకుంటే చాలు. నిరోధం కొలిచే మల్టీమీటర్‌ను ఒడ్డుకు చేరాక తీయొచ్చు.