చిత్రనామములు - లోపాదేశ విచారము

వ్యాకరణమున లోపమనఁగా నాశము గాదు, కనఁబడకుండుట. ప్రత్యయము లోపించినను దానిచేఁ గలుగు కార్యము నిలుచునని పాణిని శాసనము. ఆదేశమును, వర్ణాశ్రయవిధులఁ దప్ప, స్థానివలెనే వర్తించును. జూబిలీహిల్సు, ఫిలింనగరు, మధురానగరు ప్రాంతములఁ బుట్టు చలనచిత్రముల పేళ్ల కీ న్యాయము చక్కఁగా నన్వయించుచున్నది.

2019లో హరీశ్ శంకర్ దర్శకత్వమున నొక చిత్రము ‘వాల్మీకి’ యను పేర సిద్ధమయ్యెను. 2014 నాఁటి తమిళచిత్రము ‘జిగర్తండా’ దీనికి మూలము. ఇందలి ప్రధానపాత్ర క్రూరుఁడగు ముఠానాయకుఁడు. ఆదికవిని దమ మూలపురుషునిగాఁ గొలుచు బోయలు, పూజ్యనామము నిట్టివాని కంటఁగట్టుట తమ కవమానమని మొఱవెట్టిరి. వివాదము న్యాయస్థానమున కెక్కెను. సెప్టెంబరు 20వ తేది విడుదలకు ముందునాఁడు పేరు ‘గద్దలకొండ గణేశ్’ అయ్యెను. ఆ యేఁటనే రామగోపాలవర్మ చిత్రము ‘కమ్మ రాజ్యంలో కడప రెడ్లు’, ‘అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు’గా మాఱెను. ఇచటఁ గకారమునకు లోపము. రెడ్లకు బిడ్డ లాదేశము. స్థాని యెవరో యెఱుఁగని ప్రేక్షకుఁడు లేఁడు.

ఈ రెండు మార్పులు నొక్కటి గావు. రెండవదానఁ బేర్కొనఁబడినవి రాజకీయబలము గల కులములు. బోయలన్ననో, షెడ్యూల్డు తెగలలోఁ దమ్ముఁ జేర్పుఁడని చిరకాలముగా నర్థించుచున్నవారు. ఆంధ్రప్రదేశ శాసనసభ 2017లోను, 2023లోను దదర్థమై తీర్మానించెను. అట్టివారికిఁ బూర్వనామగౌరవము గొప్ప సొత్తు. క్రూరుఁడు మంచివాఁడగు కథకు వాల్మీకినామము తగునను సమాధానము వినఁదగినదే; కాని పేరు తమదైనవారి బాధయు వినఁదగినదే.

మఱి చట్ట మేమి చేయఁగలదు? కులరిజర్వేషనులను విమర్శించిన ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ యను తమిళచిత్రవిషయమున, ఊరేగింపుల బెదరింపునకు వెఱచి భావప్రకటన నణఁచరాదని 1989లో సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇది సత్యము. కాని యణఁచకుండుట వేఱు, గౌరవించుట వేఱు. మొదటిది చట్టముచే నగును. రెండవది రచయితచేతనే కావలెను.

1938లో గూడవల్లి రామబ్రహ్మము, చలము కథతోఁ దాపీ ధర్మారావు సంభాషణలతో, ‘మాలపిల్ల’ను దెఱకెక్కించెను. అంటరానితనమును నిషేధించు రాజ్యాంగము నాఁటికి లేదు. అందుఁ గులనామము తిట్టుగాఁ గాక కథానాయికయై నిలిచెను. నేఁటి జాగరూకత యా పూర్వపదమును లోపింపఁజేసినచో ‘పిల్ల’ మాత్రమే మిగులును, కథ పోవును.

కావున విమర్శకుఁడు చూడవలసినది పదమును గాదు, కారకమును. ఆ జనము కథలోఁ గర్తలా, లేక యితరుల హాస్యమునకో దయకో కర్మమాత్రులా? కర్మమాత్రులైనచోఁ బేరు మార్చినను నవమానము నిలుచును. లోపించిన ప్రత్యయముయొక్క కార్యము నిలిచినట్లు. కర్తలైనచోఁ గులనామముచేఁ గొఱఁత లేదు. పేళ్లను మార్చుట రేయిలోఁ దీఱెను. కారకమును మార్చుట యెప్పటికిఁ దీఱునో చిత్రరచయితలే చెప్పవలెను.