మిలే: పరిగె ఏరే స్త్రీల చిత్రకారుడు

వాస్తవికతావాద లక్షణాలను ఇంతకుముందు చదివారు. వాటిని ఇప్పుడు ఒక చిత్రకారుని కృషిలో పరిశీలిద్దాం.

జాఁ ఫ్రాన్స్వా మిలే 1814లో ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో, గ్రుషీ అనే పల్లెలో, రైతు కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలో పొలం పనులు చేశాడు. షేర్‌బూర్గ్ పట్టణం ఇచ్చిన ఉపకారవేతనంతో 1837లో పారిస్ చేరి దెలారోష్ వద్ద శిక్షణ పొందాడు. రెండేళ్లకే ఆ వేతనం ఆగిపోయింది. చాలాకాలం రూపచిత్రాలు గీసి పొట్టపోసుకున్నాడు. 1849లో ఫాంటెన్‌బ్లో అడవి అంచున ఉన్న బార్బిజోన్ పల్లెకు మారాడు. 1875లో అక్కడే మరణించాడు.

1857 నాటి సలోన్ ప్రదర్శనలో మిలే ఉంచిన చిత్రంలో ముగ్గురు స్త్రీలు కోసిన చేలో రాలిన కంకులు ఏరుతుంటారు. మన పల్లెల్లో దీన్నే పరిగె ఏరుకోవడం అంటారు. చిత్రాన్ని జాగ్రత్తగా చూడండి. ఇద్దరు పూర్తిగా వంగారు. మూడో స్త్రీ సగం వంగి ఉంది. వెనుక, దూరంగా, వెలుగులో పెద్ద కుప్పలు, నిండిన బండి, గుర్రంపై అజమాయిషీదారు కనిపిస్తారు. పంట అంతా అక్కడ ఉంది. వీరి చేతికి దక్కింది గుప్పెడు కంకులే. మిలే ఎవరినీ నిందించలేదు. ముందుభాగానికీ వెనుకభాగానికీ మధ్య ఉంచిన దూరంతోనే విషయం చెప్పాడు.

1848 విప్లవం ఇంకా మరపుకు రాలేదు. అందుకే సంప్రదాయ విమర్శకులు ఈ పేద స్త్రీలలో తిరుగుబాటు ఛాయలు చూశారు. మిలే మాత్రం తాను సోషలిస్టును కానన్నాడు. చిత్రంలోనూ కోపం కనిపించదు. అయితే, అంతవరకు పురాణ పురుషులకే దక్కిన గాంభీర్యాన్ని కూలి స్త్రీలకు ఇవ్వడమే ఆనాడు సాహసం.

ఒక పరిమితిని కూడా గుర్తించాలి. ఈ స్త్రీల ముఖాలు నీడలో ఉన్నాయి. వారు శ్రమకు ప్రతీకలయ్యారు గాని, వ్యక్తులుగా మనకు పరిచయం కారు. పేదరికం ఇంత గంభీరంగా కనిపిస్తే చూసేవారికి ఆకలి గుర్తుకు రాకపోవచ్చు. మిలే గీసిన మరో చిత్రం 'ఏంజెలస్‌'ను 1890లో ఒక సంపన్న వర్తకుడు 8 లక్షల ఫ్రాంకులకు కొన్నాడు. రైతు దంపతుల ప్రార్థన ధనికుని గోడకు అలంకారమైంది. ఈ వైరుధ్యాన్ని విస్మరించి మిలేను కేవలం 'రైతుల చిత్రకారుడు' అని పొగడటం సరికాదు. ఆ స్త్రీల వంగిన నడుములను, వెనుక ఉన్న కుప్పలను కలిపి చూసినప్పుడే అతని కళ బలం తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వెనుకనున్న కుప్పలను తొలగిస్తే ఈ చిత్రం అర్థం ఎలా మారుతుంది? ఐదు వాక్యాల్లో రాయండి.