కొలత గీత తేటగా ఉంటే

బరంపురం లంజిపల్లిలో ఇల్లు కట్టే మేస్త్రీకి నమ్మకం ప్లానులోని అంకె మీదే. జెరాక్సులో బొమ్మ కుదించుకుపోవచ్చు, స్కేలు పెట్టి కొలిస్తే గోడ తప్పుతుంది. అందుకే కొలతలను తేటగా అమర్చే డ్రాఫ్ట్స్‌మన్ అంటే నాకు గౌరవం.

ఆయన గోడను ముదురు గీతతో, కొలతను సన్నగీతతో గీస్తాడు. కిటికీ, తలుపుల చిన్న కొలతలు గోడకు దగ్గరగా, గది కొలత దాని అవతల, మొత్తం పొడవు అన్నిటికన్నా బయట. ఈ వరస తిరగబడితే గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఒక కొలత ఒక్కచోటే రాస్తాడు; రెండుచోట్ల రాస్తే, ప్లాను మారినప్పుడు ఒకటి పాతదే మిగిలిపోతుంది. భారతీయ ప్రమాణాల్లోనూ కొలతలు రాసే పద్ధతికి ఐఎస్ 11669 ఉంది, 1986 నాటిది.

కంప్యూటర్‌లో ప్లాన్లు గీయడానికి 1982లో వచ్చిన ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్, తర్వాతి రోజుల్లో గీతల మధ్య ఎడం సరిచేయడానికి డిమ్‌స్పేస్, అడ్డొచ్చినచోట గీత తెంచడానికి డిమ్‌బ్రేక్ అనే ఆదేశాలు ఇచ్చింది. ఎంత మంచి సౌకర్యాలో! అయినా ఏ కొలత ఎవరికి అవసరమో తెలిసేది మనిషికే. ఇల్లు కట్టించేవారు ప్లాను రుసుము దగ్గర బేరమాడే ముందు ఆ కాగితం మీది అంకెలను ఒకసారి చదివి చూడండి.