మధురవాణి లేని కన్యాశుల్కం

ఆ మధ్య మా బడి వార్షికోత్సవానికి పదో తరగతి పిల్లల చేత 'కన్యాశుల్కం'లో కొన్ని రంగాలు వేయించాలని పూనుకున్నాను. మా బడి మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో ఉంది. మా పిల్లల తల్లిదండ్రుల్లో కొందరు ఆ అద్దాల మేడల్లో పనిచేస్తారు. కొందరు ఆ మేడలకు కాపలా కాస్తారు, వాటిలో వంట చేస్తారు, వాటి ముందు కార్లు ఆపుకుని కూర్చుంటారు. గిరీశం వేషానికి ఎనిమిదిమంది పోటీపడ్డారు. రెండో వారంలో యాజమాన్యం నుంచి కబురొచ్చింది: నాటకం వెయ్యండి, కాని మధురవాణిని తీసెయ్యండి. వేశ్య పాత్ర బడి రంగస్థలం మీద బాగుండదట.

సరే, తీసి చూద్దామని కూర్చున్నాను. రాత్రి పన్నెండు దాకా కత్తెర వేశాను. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న నాటకాన్ని మళ్లీ చదివించింది ఆ కత్తెరే.

అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పద్ధెనిమిది వందలకు కుదురుస్తాడు. ఆ పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, గుంటూరు శాస్త్రులనని చెప్పుకుని, ఆ మాయపెళ్లికూతుర్ని లుబ్ధావధాన్లుకే అమ్మజూపుతాడు. దళారి రామప్పపంతులు దారికి రాకపోతే ఈ బేరం సాగదు. అతన్ని దారికి తేగలిగింది మధురవాణి ఒక్కతే. చివర పెళ్లికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్లు మీద నింద పడినప్పుడు నిజం బయటపెట్టేదీ ఆమే. ఆమెను తీసేస్తే పోయేది వినోదం కాదు, సుబ్బికి పెళ్లి అయిపోతుంది! మర్యాద పేరుతో ఆ ఒక్క మనిషిని వేదిక దింపితే పసిపిల్ల అమ్ముడుపోతుంది. ఈ సంగతి నేను అంతకుముందు ఇంత స్పష్టంగా చూడలేదు.

కె.వి. రమణారెడ్డి 'మహోదయం' నాటినుంచి మనం గురజాడను జాతీయ పునరుజ్జీవనం వెలుగులో చదువుతూ వచ్చాం. అది అవసరమైన చదువే. అయితే ఆ చదువులో నాటకంలోని మారువేషాలు కేవలం నవ్వుకోసం పెట్టిన ఎత్తుగా మిగిలిపోయాయి. అవి రెండు. మగపిల్లవాడు ఆడవేషంలో అమ్ముడుపోతాడు. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు గడప తొక్కుతుంది. మొదటిదానిలో కొనుగోలుదారు మనిషిని చూడడు, ధర తగ్గిందా లేదా అనే చూస్తాడు. సరుకు అయినచోట మనిషి ఆడా మగా అన్నది కూడా కళ్లకు ఆనదని ఇంతకన్నా పదునుగా చెప్పిన రంగం మన నాటకాల్లో నాకు కనిపించలేదు. రెండోది ఇంకా చేదు. సానిదాని ముఖం చూడనని వ్రతం పట్టిన సంస్కర్తకు నిజం వినిపించాలంటే ఆడది మగబట్టలు కట్టక తప్పలేదు. అతను మంచివాడే. ఆ మంచితనానికి హద్దు ఎక్కడుందో చూపించిన రచయిత మాత్రం చివర అతని చేతే మధురవాణికి భగవద్గీత ఇప్పించి కొంత మెత్తబడ్డాడనే నా అభిప్రాయం.

ఈ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909లో దాదాపు కొత్తగా రాసిన ప్రతే మనం చదువుతున్నది. తొలిముద్రణ పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు 1034. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ లెక్క పిల్లలకు చదివి వినిపించినప్పుడు, మధురవాణి వేషానికి ఎంచుకున్న అమ్మాయి, ఒక సెక్యూరిటీ గార్డు కూతురు, లేచి అడిగింది: "అప్పుడు ఆడపిల్లకే డబ్బిచ్చేవాళ్లా, టీచర్? మా అక్కకి మేమే ఇవ్వాల్సొచ్చిందే! అదే నయం కదా?"

డబ్బు పిల్లకు కాదు, తండ్రికి ముట్టిందన్నాను. ఆ జవాబు చాలదు. శుల్కం పోయి కట్నం వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో కాళింది నూతిలో పడి చనిపోతుంది, చెల్లెలు కమల కట్నం పోసి కొన్న మొగుడు తన సొత్తని వాదిస్తుంది. 1961లో నిషేధ చట్టమూ వచ్చింది. డబ్బు నడిచే దిక్కు మారింది, బేరం పోలేదు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మా స్టాఫ్‌రూంలో మొదట లేచిన మాట ఉద్యోగాల గురించి కాదు, కుదిరిన సంబంధాల గురించి. లుబ్ధావధాన్లు జాతకం చూపించుకున్నాడు, వీళ్లు ప్యాకేజీ చూస్తున్నారు.

మరి ప్రేమ? గిరీశం నోట అది ఉపన్యాసం. మా పిల్లలకు అతను తెగ నచ్చాడు. వాళ్లకు తెలిసిన ఇంగ్లీషు కోచింగ్ మాస్టారిలా ఉన్నాడట. నవ్వించేవాడు కథానాయకుడనుకోవడం మన ప్రేక్షకులకు పాత జబ్బే.

యాజమాన్యం రాజీకొచ్చింది: మధురవాణిని 'పొరుగింటి అక్క'గా మార్చమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ గంటలో యోగా ప్రదర్శన పెట్టారు. పరీక్షలయ్యాక ఒక శనివారం క్లాసులోనే, బెంచీలు వెనక్కి జరిపి, ఆ రంగాలు చదువుకున్నాం. సౌజన్యారావు ఇంటి రంగానికి ఆ అమ్మాయి తమ్ముడి చొక్కా వేసుకుని వచ్చింది. చేతులు పొడుగై రెండు మడతలు పెట్టుకుంది.