మాస్కోలో అచ్చయిన తెలుగు

రెండు దేశాల స్నేహాన్ని ఒప్పందాల తేదీలతో కొలవడం పత్రికల అలవాటు. 1953 నాటి భారత–సోవియట్ వాణిజ్య ఒప్పందం, 1971 ఆగస్టు 9 నాటి మైత్రీ ఒప్పందం గొప్పవే. కానీ మా వేంసూరు వంటి ఊళ్లకు ఆ స్నేహం పుస్తకంగా చేరింది. మాస్కో ప్రగతి ప్రచురణాలయం తెలుగులో అచ్చువేసింది, విశాలాంధ్ర వారు అమ్మారు. లాభం చూసుకునే ప్రచురణకర్త ఎవడూ ఆ ధరకు ఇవ్వలేడు.

చవకకు కృతజ్ఞులమే. అయితే విమర్శకుడు భాష సంగతి అడగాలి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి సమర్థులు మాస్కోలో కూర్చుని అనువదించారు. రా.రా. ‘అనువాద సమస్యలు’కు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందరూ రా.రా.లు కారు గదా! చాలా పుస్తకాల్లో వాక్యం ఇంగ్లీషుది, తొడుగు మాత్రమే తెలుగుది. తొమ్మిదో తరగతిలో చదివి వినిపిస్తే, క్రియ వచ్చేసరికి కర్త ఎవరో పిల్లలు మరచిపోయేవారు. మూడేసి ముక్కల పేర్ల గొడవ సరేసరి. క్రొవ్విడి లింగరాజు గారు తెనిగించిన గోర్కీ ‘అమ్మ’కు ఆ చిక్కు లేదు. ఆ తల్లి మన వాకిట్లో నిలబడే మాట్లాడుతుంది. ఆ పుస్తకం ఊరూరా తిరిగిందంటే కారణం సిద్ధాంతం ఒక్కటే కాదు, తెలుగు కూడా.

ఇటునుంచి రూపాయల బేరంలో గుంటూరు పొగాకు వెళ్లేది. 1991లో సోవియట్ యూనియన్ కూలింది, రెండూ దెబ్బతిన్నాయి. పొగాకుకు వేరే బేరగాళ్లు దొరికారు. రష్యన్ నుంచి నేరుగా తెనిగించగల వాళ్లను తయారుచేసే బాధ్యతను మాత్రం మన విశ్వవిద్యాలయాలుగానీ, మన సంఘాలుగానీ తలకెత్తుకోలేదు.