పొట్టివాడి పుట్టెడు బుద్ధులు

మా నాయన డ్రిల్లు మాస్టారు. వాలీబాల్ జట్టుని ఎంచేటప్పుడు పిల్లల్ని గోడకి ఆనించి ఎత్తు చూసేవాడు. సొంత కొడుకునైనా నేను ఏ ఏడాదీ ఆ గోడ దాటి కోర్టులోకి పోలేదు. అప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళు ఓదార్పుగా ఒక మాట అనేవాళ్ళు: పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు అని. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కాస్త ఆగి వింటే లోపల ఎకసెక్కం వినిపిస్తుంది. బలం లేనివాడు ఏదో మాయ చేసి గెలుస్తాడు, వాడితో జాగ్రత్త అని. పాల్ రన్యన్ పుస్తకం 'ది షార్ట్ వే టు లోయర్ స్కోరింగ్' చదువుతుంటే ముందు గుర్తొచ్చింది ఈ సామెతే.

1979లో వచ్చిన పుస్తకం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. గోల్ఫ్ పుస్తకాన్ని సాహిత్య పత్రికలో సమీక్షించడం ఏంటని మీరు అడగొచ్చు. చేతికి తెలిసిన విద్యని మాటల్లో పెట్టడం కుదురుతుందా అన్నది రాసే ప్రతివాళ్ళ ప్రశ్నే కదా. ఈ పుస్తకం ఆ ప్రశ్నకి ఒక జవాబు ఇస్తుంది. ఆ జవాబు ఎంతవరకూ నిలబడుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గోల్ఫ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఈ ఆటలో బిళ్ళంగోడూ ఉంది, గోళీలాటా ఉంది. మొదటి దెబ్బ బిళ్ళంగోడు: ఎంత బలముంటే అంత దూరం. బంతి గుంట దగ్గరికి వచ్చాక ఆట మారిపోతుంది. ఇక అది గోళీ. ఎంత దూరం పోయిందని ఎవరూ అడగరు, ఎక్కడ ఆగిందనే అడుగుతారు. ఈ రెండో భాగాన్నే షార్ట్ గేమ్ అంటారు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళకి ఒక లెక్క. పార్ 72 అంటే 18 గుంటలకీ రెండేసి చొప్పున 36 పట్లు అందులో కలిపే వేస్తారు. అంటే కాగితం మీదే సగం ఆట గోళీలాట. టీవీలో మాత్రం బిళ్ళంగోడుకే చప్పట్లు.

రన్యన్ 1908లో అమెరికాలోని ఆర్కన్సాలో, హాట్ స్ప్రింగ్స్‌లో పుట్టాడు. పాడిరైతు కొడుకు. పెద్దవాళ్ళ సంచులు మోసే కేడీగా ఆటలోకి వచ్చాడు. మనిషి పొట్టి, బరువు సుమారు 57 కిలోలు. తోటి ఆటగాళ్ళు 'లిటిల్ పాయిజన్' అని పేరు పెట్టారు. చిట్టి విషం. మన సామెతలోని ఎకసెక్కమే ఇందులోనూ ఉంది చూడండి. 1934లో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1938లో పెన్సిల్వేనియాలోని షానీలో మళ్ళీ ఫైనల్‌కి వచ్చాడు. అవతల శామ్ స్నీడ్. వయసు 26. ఆ కాలంలో అంత అందంగా, అంత దూరం కొట్టేవాడు ఇంకొకడు లేడని పేరు. చాలా హోల్స్‌లో స్నీడ్ బంతి రన్యన్ బంతికంటే 40, 50 గజాలు ముందుండేది. ప్రతిసారీ గ్రీన్ వైపు ముందు కొట్టాల్సింది రన్యనే, అదీ పెద్ద కర్రతో. 36 హోల్స్ మ్యాచ్ 29వ హోల్ దగ్గరే అయిపోయింది. రన్యన్ ఎనిమిది హోల్స్ ఆధిక్యంతో గెలిచాడు, ఇంకా ఏడు మిగిలే ఉన్నాయి. పీజీఏ ఫైనల్ ఇద్దరి మధ్య పోటీగా నడిచినంత కాలం అంత తేడాతో ఇంకెవరూ గెలవలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ రన్యన్ చేతిలో ఏదో మహిమ ఉందంటారు. మనం హస్తవాసి అంటామే, అట్లాంటిది. ఈ పుస్తకం ఆ మాటని ఒప్పుకోదు. అక్కడే నాకు నచ్చింది.

నేనూ హస్తవాసిని నమ్మినవాణ్ణే. హైదరాబాద్‌లో ఆఫీసువాళ్ళతో కలిసి రేంజికి వెళ్ళి, బలం చాలక భుజం పట్టేయించుకున్నాను. ఆర్నెల్లు చెయ్యి పైకెత్తొద్దన్నారు. అదే సమయంలో నాయనకి పక్షవాతం తగిలి కుడిచెయ్యి చచ్చుబడితే, ల్యాప్‌టాప్ పట్టుకుని మైపాడు పక్కన మా ఊరికి వచ్చేశాను. వస్తూ ఒక వెడ్జి, ఒక ఏడో నెంబరు ఐరన్, ఓ డజను బంతులు తెచ్చుకున్నాను. నా తలలో ఉన్నది సెవె బయెస్టెరోస్. స్పెయిన్‌లో పెడ్రెన్యా అనే ఊళ్ళో, అన్న ఇచ్చిన పాత మూడో నెంబరు ఐరన్ ఒక్కదానితో సముద్రపు ఒడ్డున ఆడి ఆడి నేర్చుకున్నాడు. అతనూ కేడీయే. తర్వాత మూడు బ్రిటిష్ ఓపెన్లు, రెండు మాస్టర్స్ గెలిచాడు. కారు పార్కింగులోంచి, పొదల్లోంచి, ఎక్కడ పడితే అక్కణ్ణించి బంతిని గుంట దగ్గరికి చేర్చేవాడు. అతనికి బీచి ఉంది, నాకూ బీచి ఉంది. ఇంకేం కావాలి?

చాలా కావాలని వారంలో తెలిసింది. పెడ్రెన్యా తీరంలో ఆటుపోట్ల మధ్య తేడా నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. నీళ్ళు వెనక్కి పోతే గట్టి తడి ఇసుక మైదానంలా బయటపడుతుంది. మా బంగాళాఖాతంలో ఆ తేడా మీటరు అటూ ఇటూ. తడి ఇసుక నాలుగడుగుల పట్టీ, దాటితే మడమల దాకా దిగిపోయే గుల్ల ఇసుక. కొట్టిన బంతి కొట్టినచోటే పూడిపోయేది. పెద్దలు కనిపెట్టిన విద్యలో వాళ్ళ నేల కూడా కలిసి ఉంటుంది. మనం చెయ్యిని మాత్రమే చూస్తాం.

అప్పుడు తీశాను రన్యన్ పుస్తకం.

అతను చెప్పేది విచిత్రంగా ఉంటుంది. గ్రీన్ పక్కనుంచి చిన్న దెబ్బ కొట్టేటప్పుడు కర్రని పటర్ పట్టుకున్నట్టే పట్టుకోమంటాడు. రెండు అరచేతుల్నీ చెరో పక్కకి కాస్త పైకి తిప్పి పట్టుకుంటే ఒక మణికట్టు ఇంకో మణికట్టుని కదలనివ్వదు. బంతికి దగ్గరగా నిలబడు, చేతులు ఎత్తిపట్టు, కర్ర మడమ నేలకి తగలకుండా చూసుకో, భుజాలతో ఊపు. బంతిని గ్రీన్ అంచు దాటగానే నేలమీద పడెయ్యి, మిగతా దూరం అదే దొర్లుతుంది. దూరం పెరిగితే ఊపు మార్చొద్దు, కర్ర మార్చు. గుంట దగ్గరుంటే వెడ్జి, దూరమైతే ఏడో నెంబరు, ఇంకా దూరమైతే ఐదో నెంబరు. చెయ్యి ఒక్కటే విద్య నేర్చుకుంటే చాలు.

పుస్తకమంతటికీ ఒకటే సూత్రం: కదిలేవాటిని తగ్గించు. స్పర్శ, అనుభూతి, ప్రతిభ అని మిగతావాళ్ళు మురిసిపోయే చోట రన్యన్ ఒక్కొక్క కీలుకీ తాళం వేసుకుంటూ పోతాడు. వేళ్ళు వద్దు, మణికట్లు వద్దు, నడుము వద్దు. చివరికి మిగిలింది వణకడానికి కూడా వీల్లేనంత చిన్న కదలిక. బెన్ హోగన్ 1957లో తెచ్చిన 'ఫైవ్ లెసన్స్' ఎక్కువ పేరున్న పుస్తకం. అది పూర్తి ఊపు గురించి. చదువుతుంటే గొప్ప యంత్రాన్ని చూస్తున్నట్టుంటుంది, మనం ఆ యంత్రం కాలేమని కూడా అర్థమవుతుంది. రన్యన్ పుస్తకం అంత అందమైనది కాదు. కానీ చదివి లేచి వెళ్ళి ఆ పని చేయగలం.

చేశాను కూడా. మా అమ్మ కళ్ళాపి చల్లి చదును చేసుకున్న వాకిలి ఉంది. మన దేశంలో నీళ్ళు తక్కువున్న పాత కోర్సుల్లో గడ్డి గ్రీన్ల బదులు చదును చేసిన ఇసుకతో 'బ్రౌన్లు' ఉండేవి. మా వాకిలి నాకు బ్రౌన్ అయింది. గుంట బదులు చెంబు పడుకోబెట్టాను. అమ్మ "వాకిలంతా గుంటలు చేస్తుండావు, ముగ్గేసేదెట్లా?" అని రోజూ తిట్టేది. ఇరవై రోజులకి పది బంతుల్లో నాలుగైదు చెంబుకి జానెడు దూరంలో ఆగడం మొదలైంది. నా భుజం ఎత్తాల్సిన పనే రాలేదు.

ఈ పద్ధతి పొట్టివాళ్ళ ఓదార్పు మాత్రమే అనుకుంటారేమో, జాక్ నిక్లస్ సంగతి వినండి. 1979లో ఆయన ఒక్క టోర్నమెంటూ గెలవలేదు. నలభై ఏళ్ళ వయసులో షార్ట్ గేమ్ నేర్పమని ఫిల్ రాడ్జర్స్ దగ్గరికి వెళ్ళాడు. రాడ్జర్స్ రన్యన్ శిష్యుడు. 1980లో నిక్లస్ యూఎస్ ఓపెన్, పీజీఏ రెండూ గెలిచాడు. ఆటలోకెల్లా బలవంతుడు బలహీనుడి విద్యని ఒక మనిషి ద్వారా అప్పు తెచ్చుకున్నాడన్నమాట.

ఇంకో సంగతి కూడా నాకు ముఖ్యం. దూరం కొట్టడం నేర్చుకోవాలంటే మైదానం కావాలి, ఖరీదైన కర్రలు కావాలి, లోపలికి రానిచ్చేవాళ్ళు కావాలి. చిన్న దెబ్బకి ఒక్క కర్ర, పదడుగుల నేల చాలు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్, 2009లో గెలిచిన బెంగళూరు మునియప్ప, ఇద్దరూ కేడీలుగా మొదలైనవాళ్ళే. రన్యన్ పుస్తకం ఈ మాట ఎక్కడా ఎత్తదు. కానీ సంచి మోసే కుర్రాడికి అందుబాటులో ఉండే విద్య అది. గోల్ఫ్ అంటే మనకున్న చిరాకు న్యాయమైనదే. ఈ ఒక్క గది తలుపు మాత్రం కాస్త తెరిచే ఉంది.

ఇక లోపాలు. మొదటిది భాష. డిక్ ఆల్ట్‌మన్ సాయంతో రాసిన పుస్తకం ఇది. రిపేరు మాన్యువల్‌లా ఉంటుంది. షానీలో ఆ రోజు స్నీడ్ బంతి యాభై గజాలు ముందు కనిపిస్తుంటే ఈ మనిషి కడుపులో ఏమైందో తెలుసుకోవాలని ఉంటుంది మనకి. పుస్తకం ఆ వైపు పోదు. కదిలేవాటిని తగ్గించే సూత్రం వాక్యాలకి కూడా పట్టిందేమో. రెండోది నేల. బంతి పడ్డాక సాఫీగా దొర్లుతుందని అతని నమ్మకం. మా వాకిట్లో అయితే సరే. గేటు బయట, సరుగుడు ఆకులు రాలిన దారిలో ఆ పద్ధతి నాకు ఒక్కసారి కూడా పనిచేయలేదు. అక్కడ మళ్ళీ బయెస్టెరోసే కావాలి. ఏది ముందు కదలకూడదో పుస్తకం చెప్తుంది. బంతి ఎక్కడ పడాలో ఆ నేలే చెప్పాలి. కాబట్టి నా ప్రశ్నకి జవాబు సగమే: చేతి విద్యలో వదిలెయ్యాల్సినదాన్ని మాటల్లో పెట్టొచ్చు. అంతే. కాకపోతే ఆ సగం కూడా ఇంత నిజాయితీగా ఇచ్చిన పుస్తకాలు నేను చదివినవాటిలో తక్కువ.

అరుగు మీద కూర్చుని మా నాయన ఇదంతా చూస్తుండేవాడు. "ఇదేం ఆటరా అబ్బయ్యా, కర్రతో కోడిపిల్లని అదిలించినట్టుండాది!" అన్నాడు మొదటిరోజు. జీవితమంతా పిల్లలకి గట్టిగా కొట్టమని చెప్పిన మనిషి. ఒక సాయంత్రం ఆయనే లేచి వచ్చి కర్ర అడిగాడు. రెండు చేతులూ పట్టించాను. కుడి అరచెయ్యి సరిగ్గా మూసుకోలేదు. మణికట్టు ఎట్లాగూ కదలదు. రన్యన్ అడిగింది అదే కదా అని నాకనిపించింది, పైకి అనలేదు. భుజాలతో ఊపమన్నాను. బంతి వంకరగా పోయి తులసికోట దగ్గర ఆగింది. చెంబుకి చాలా దూరం.

నాయన కాసేపు బంతినే చూశాడు. "ఇంకోటి పెట్టు" అన్నాడు.